ఏడున్నరకి చనిపోయే అక్క

చియుంగ్ చౌ దీవి, హాంకాంగ్,
ఆగస్టు 1984

చిరంజీవి తమ్ముడు పాక్‌నిన్‌కి,

దీవించి రాయాలంటే నేను బతికుండాలి కదా. అందుకని ఈసారి దీవెనలు లేవు, విషయం మాత్రమే రాస్తున్నాను.

సోమవారం సాయంత్రం మీ బావా నేనూ భోజనానికి కూర్చున్నాం. ఆవిరి మీద ఉడికించిన చేప, ఆకుకూర, ఎదురుగా టీవీ. ఈ దీవిలో మీ ఛానల్ పెట్టకపోతే ఎవరికీ ముద్ద దిగదని నీకు తెలుసు. కొత్త సీరియల్ మొదలైంది, 'బంగారు బాతు' అట. కాల్చిన బాతులమ్మి కోటీశ్వరులైన కుటుంబం. తల్లి పోయింది, ముగ్గురు కొడుకులు ఆస్తి కోసం కొట్టుకు చస్తుంటారు. పోయినసారి ఇదే కథ నగల కొట్లో జరిగింది, అంతకుముందు మందుల కొట్లో జరిగింది. కొట్టు మార్చడానికి మీవాళ్ళు జీతాలు తీసుకుంటారు కాబోలు.

పెద్దకొడుకు వచ్చి తల్లి ఫొటో ముందు మోకరిల్లాడు. అగరొత్తులు వెలిగించాడు. ఫొటోని దగ్గరగా చూపించారు. అది నేను.

మీ బావ గిన్నె కింద పెట్టి నా వైపు చూసి, టీవీ వైపు చూసి, "ఏమే, ఎప్పుడు పోయావు? నాకో మాటైనా చెప్పలేదే" అన్నాడు. ఆ మనిషికి నవ్వులాట. నాకు తల కొట్టేసినట్టయింది.

నేనేం పని చేస్తానో నీకు వేరే చెప్పాలా? పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతురి తల దువ్వి దీవించే మనిషిని. ఆ పనికి అందరూ పనికిరారు. మొగుడు బతికుండాలి, కొడుకులూ కూతుళ్ళూ ఉండాలి, ఇంట్లో అకాల చావు ఉండకూడదు. ఈ దీవిలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సగం మంది తలలు నా చేతికి తెలుసు. అలాంటి నన్ను చంపి, పీఠమెక్కించి, ముందు నారింజపళ్ళు పెట్టారు. మర్నాడు పొద్దున్న టీ హోటల్లో నా బల్ల దగ్గర ఒక్కరూ కూర్చోలేదు. ఎండుచేపల కొట్టు ముసలమ్మ నన్ను చూసి, నా వెనకాల గోడ కనపడుతోందేమోనని తల వంచి మరీ చూసింది.

ఈ పని చేసిన తెలివితక్కువవాడు ఎవడో నీకు తెలిసే ఉంటుంది. సెట్టు సామాన్ల విభాగానికి పెద్దవి నువ్వేగా. కిరాణా కొట్టు ఫోన్‌లో ఇవన్నీ మాట్లాడితే దీవంతా వింటుంది కాబట్టి రాస్తున్నాను. నవంబరులో నీ కూతురు చింగ్‌యీ పెళ్ళి. నేను దువ్వాల్సిన తల అది. ఆలోపు ఆ ఫొటో దింపించు.

ఇట్లు,
నీ కీర్తిశేషురాలైన అక్క లైసంగ్


కౌలూన్,
ఆగస్టు 1984

అక్కకు పాక్‌నిన్ నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. అది నువ్వు కాదక్కా. ఒక పాత నటి. ఎవరికీ పేరు గుర్తులేదు, ఎప్పుడూ అత్తగారి వేషాలు వేస్తుంటుంది. మేకప్ వేసి, వెలుతురు ఒక పక్క నుంచి పెడితే ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు. మీ టీవీ ఏరియల్ కూడా సరిగ్గా ఉండదు కదా, బావకి చెప్పి తిప్పించు.

సీరియల్‌కి మంచి పేరు వచ్చింది. పనిలో ఊపిరాడడం లేదు. నీ మరదలు మేఫాంగ్ నిన్ను అడిగినట్టు చెప్పమంది. వీలైతే ఎండురొయ్యలు పంపించు, ఇక్కడ దొరికేవి బాగుండవు.

నీ తమ్ముడు,
పాక్‌నిన్


చియుంగ్ చౌ,
సెప్టెంబరు 1984

పాక్‌నిన్‌కి,

అబద్ధం ఆడడానికైనా కాస్త బుర్ర ఉండాలి. నీ చిన్నప్పుడు బిస్కట్లు తినేసి ఎలుక తిందని చెప్పేవాడివి, మూతి నిండా పొడి పెట్టుకుని. ఇప్పుడూ అదే మొహం.

ఆ పాత నటికి కూడా ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ ఉందా? అమ్మ ఇచ్చిన పచ్చరాయి కమ్మలు ఆవిడకీ ఇచ్చిందా? జాకెట్టు రెండో బొత్తాం ఊడిపోతే నల్లదారం లేక నీలం దారంతో కుట్టాను. ఆ దారం కూడా కనపడుతోంది. అది నా యాభయ్యో పుట్టినరోజుకి రేవు దగ్గర స్టూడియోలో తీయించి నీకు ఒక్కడికే ఇచ్చిన ఫొటో. ఏరియల్ తిప్పితే బొత్తాం దారం రంగు మారుతుందా?

ఇక్కడ సంగతి విను. పడవలు కట్టేవాళ్ళింట్లో పెళ్ళికి నన్ను ఎప్పుడో పిలిచారు. మొన్న ఆ అమ్మాయి తల్లి నారింజపళ్ళు పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడి, "అక్కా, మా పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుందిలే. ఇంక దువ్వడానికేముంది" అంది. పళ్ళు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నిన్న చేపల బజారులో ఎదురైంది, జడ నడుము దాటుతోంది. ఇంకో ఇంటివాళ్ళు అబద్ధానికైనా రాలేదు, నన్ను చూసి వీధి మారిపోయారు. నాకు కడుపు మండిపోతోంది.

ఇంకో మాట. మీ ఛానల్‌లో ఎవరైనా శవం వేషం వేసినా, ఫొటోలో పోయినట్టు కనపడినా, ఆ మనిషి చేతిలో ఎర్ర కవరు పెడతారని నువ్వే చెప్పావు. అందులో డబ్బు ఇల్లు చేరేలోపే ఖర్చు పెట్టేస్తే దోషం దారిలోనే పోతుందన్నావు. మరి నా కవరేది? చంపడమైతే చంపారు, ఆ మర్యాదైనా చేయరా?

చింగ్‌యీ పెళ్ళి గురించి అడిగితే ఒక్క ముక్క రాయలేదు నువ్వు. రొయ్యల గురించి మాత్రం రాశావు. రొయ్యలు పంపడం లేదు.

లైసంగ్


కౌలూన్,
సెప్టెంబరు 1984

అక్కా,

సరే, అది నువ్వే.

ఆ రోజు ఫొటో కోసం పాత నటిని నిజంగానే పిలిచాం. ఆవిడ గేటు దాకా వచ్చి, మర్నాడు ఆసుపత్రిలో ఏవో పరీక్షలున్నాయని, ఇలాంటప్పుడు చావు ఫొటో దిగనని వెనక్కి వెళ్ళిపోయింది. ఎర్ర కవరు రెండింతలు చేస్తామన్నా వినలేదు. సెట్టు సిద్ధంగా ఉంది. హీరో మోకాళ్ళ కింద మెత్త వేసుకుని కూర్చున్నాడు. డైరెక్టర్ నా మీద అరుస్తున్నాడు. నా పర్సులో నీ ఫొటో ఉంది, తీసి చూపించాను. డైరెక్టర్ దాన్ని వెలుతురులో పట్టుకుని, "ఇదేనయ్యా. చచ్చినా ఇల్లంతా భయపడే మొహం ఇదే" అన్నాడు. వెంటనే పెద్దది చేయించి పెట్టేశాం. ఒక్క భాగంలోనే కనపడుతుందనుకున్నాను. ఆ సీను జనానికి నచ్చింది. ఇప్పుడు ఎవరు ఏ పాపం చేసినా నీ ముందుకొచ్చే చెప్పుకుంటున్నారు.

నీ కవరు ఇచ్చారు. బంధువుల ఫొటో అంటే నా చేతికే ఇచ్చారు, నీకు అందిస్తానని. నీ పేరున ఇచ్చింది నేనెలా తింటాను? దీవికి వచ్చినప్పుడు ఇద్దామని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆ పనుల్లో పడి మర్చిపోయి అలాగే ఇంటికొచ్చేశాను. చొక్కా ఉతకబోతూ మేఫాంగ్ చూసింది. పెళ్ళికూతురున్న ఇంట్లోకి చావు కవరు తెచ్చానని కాస్త బాధపడింది.

ఫొటో దింపడం నా చేతుల్లో లేదు. సీరియల్ పొడిగించారు. బతికున్న మనిషికి దణ్ణం పెడుతున్నానని హీరోకి తెలిస్తే మర్నాటి నుంచి సెట్టుకే రాడు, నా ఉద్యోగం పోతుంది. దయచేసి ఎవరికీ చెప్పకు. నీ ఫొటో చూసి జనం ఏడుస్తున్నారక్కా, నిజంగా.

పాక్‌నిన్


చియుంగ్ చౌ,
అక్టోబరు 1984

పాక్‌నిన్‌కి,

జనం ఏడవక ఏం చేస్తారు? ఆ నటన చూస్తే నాకూ ఏడుపొస్తోంది.

నీ హీరో అగరొత్తులు సిగరెట్టు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. చిన్నకోడలు నా ముందు పళ్ళెంలో బేరిపళ్ళు పెట్టింది. బేరిపళ్ళు పెడితే ఎడబాటని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీ రచయితలకి తెలియదు. రెండోవాడు తల్లి పోయి నెల తిరక్కుండా పెళ్ళికి వెళ్తున్నట్టు ఎర్ర మేజోళ్ళు వేసుకుని తిరుగుతాడు. ముగ్గురూ రోజూ వచ్చి నా మీద ఒట్టేసి అబద్ధాలు చెబుతారు. నేను నిజంగా వాళ్ళ తల్లినైతే ఫొటో అద్దం పగలగొట్టుకుని దిగొచ్చి ముగ్గురినీ చెప్పుతో కొట్టేదాన్ని. ఇవన్నీ నీకెలా తెలుసని అడగకు. మీ బావ చూస్తుంటే పక్కన కూర్చుని కళ్ళు మూసుకోలేను కదా.

ఆ మీ బావ రోజూ ఏడున్నరకి నాకు మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి మరీ అన్నం తింటున్నాడు. పడవలు బాగుచేసుకునేవాడికి ఇంత హాస్యం అక్కర్లేదు.

కవరు ఇంట్లోకి తెచ్చావా? ఇరవై ఏళ్ళు ఆ ఛానల్‌లో పని చేసి, శవాలకీ దయ్యాలకీ కవర్లు పంచిపెట్టి, చివరికి నీ ఇంటి పెళ్ళికూతురి మంచం పక్కన ఆ డబ్బు దాచిపెట్టావా? బట్టల బీరువాలో ఉన్నా ఒకటే, బియ్యం డబ్బాలో ఉన్నా ఒకటే. నా మీద ప్రేమతో దాచానంటావు. ప్రేమ ఉన్నవాడు దారిలో వేరుసెనగలు కొనుక్కుని తినేస్తాడు.

అది పోస్టులో పంపకు, నా గడప తొక్కకూడదు. ఆదివారం మధ్యాహ్నం ఫెర్రీకి వస్తాను. సెంట్రల్ రేవు దగ్గర నిలబడు. నా చేతికి ఇస్తే అక్కడికక్కడే ఖర్చు పెట్టేస్తాను. ఆ తర్వాత చింగ్‌యీ తల దువ్వడానికి మీ మేఫాంగ్‌కి ఏ అభ్యంతరమూ ఉండదు.

లైసంగ్


కౌలూన్,
అక్టోబరు 1984

అక్కా,

ఆదివారం నీకు ఒక మాట చెబుదామని వచ్చాను. రేవులో నువ్వు నా చేతిలోంచి కవరు లాక్కుని, అక్కడే చింపి, ఎదురుగా ఉన్న కొట్టుకెళ్ళి సగం బాతు కొట్టించావు. ఇద్దరం బెంచీ మీద కూర్చుని తిన్నాం. కాలు ముక్క నాకే పెట్టావు. చిన్నప్పుడూ అంతే. దాంతో చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చేశాను. "తింటూ ఏడుస్తావేంరా, ఎముక గుచ్చుకుంటుంది" అని తిట్టావు. ఎముక వల్ల కాదక్కా.

మేఫాంగ్ ఇంకొకావిడని మాట్లాడేసింది. తామ్ గారని, మా పక్క భవనంలో ఉంటుంది. భర్త కస్టమ్స్‌లో పని చేస్తాడు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, అత్తమామలు కూడా బతికే ఉన్నారు. కవరు దొరికిన రోజే వెళ్ళి మాట్లాడి వచ్చింది. నేను గట్టిగా అడిగాను. "వదినంటే నాకు గౌరవం లేక కాదు. కానీ రోజూ సాయంత్రం అగరొత్తులు పెట్టించుకునే మనిషి చేత నా కూతురి తల ఎలా దువ్విస్తానండీ? రేపు ఏదైనా జరిగితే మీ ఛానల్ వచ్చి తీరుస్తుందా?" అంది. చింగ్‌యీ తల్లితో మాట్లాడడం మానేసింది.

నువ్వు పెళ్ళికి రాకుండా ఉండకు.

పాక్‌నిన్


చియుంగ్ చౌ,
నవంబరు 1984

పాక్‌నిన్‌కి,

నీ ఉత్తరం అందింది.

తామ్ గారిని ఎంచుకోవడం మంచిదే. మేఫాంగ్ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఇదే సంగతి వేరే ఇంట్లో జరిగి నన్ను సలహా అడిగితే, ఆ ఫొటోలో మనిషిని పిలవొద్దనే చెప్పేదాన్ని. నాకు కోపమంతా దాని మీదే. ఇన్నేళ్ళూ ఎవరి ఇంట్లో చావు జరిగింది, ఎవరిని దూరం పెట్టాలి అని నేనే అందరికీ లెక్కలు చెప్పాను. ఇప్పుడా లెక్కలోకి నేనే వచ్చాను.

చింగ్‌యీ పుట్టినప్పుడు మేఫాంగ్‌కి జ్వరమొస్తే పిల్లని నెలల తరబడి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ తలకి మొదటిసారి దువ్వెన పెట్టింది నేనే. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. మీ బావ ఆ రోజు దణ్ణం పెట్టలేదు, టీవీ కూడా పెట్టలేదు.

పెళ్ళికి వస్తాను. విందు తిని వెళ్ళిపోతాను.

లైసంగ్


కౌలూన్,
నవంబరు 1984

అక్కా,

తల దువ్వే ముహూర్తం పెళ్ళికి ముందురోజు సాయంత్రం ఏడు దాటాక పెట్టారు. ముందురోజే రా, దువ్వెన వేళకి గదిలోకి వెళ్ళకపోయినా ఇంట్లో ఉండు. చింగ్‌యీ నిన్ను అడుగుతోంది. మేఫాంగ్ కూడా రమ్మంది, మొహమాటంగానే అనుకో.

నేను ఉండను. చివరి భాగాల షూటింగ్ ఉంది. సెలవు అడిగితే, పెళ్ళి మర్నాడు కదా, దువ్వడానికి తండ్రితో పనేముందన్నారు. మొన్న నీ ఫొటో తీసి ఇంకొకటి పెట్టి చూశాను. డైరెక్టర్ దూరం నుంచే పసిగట్టి, "మా అమ్మ ఏదయ్యా?" అని అరిచాడు. అందరూ నిన్ను అమ్మ అనే పిలుస్తున్నారు అక్కడ.

పాక్‌నిన్


చియుంగ్ చౌ,
డిసెంబరు 1984

చిరంజీవి తమ్ముడు పాక్‌నిన్‌ని అక్క దీవించి రాస్తున్నది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పమని విందులో పదిసార్లు అడిగావు. చుట్టూ వియ్యాలవారు కూర్చుని ఉంటే చెప్పే సంగతా అది? నీ పెళ్ళాం నీకు ఎలా చెప్పి ఉంటుందో ఊహించగలను. జరిగింది ఇది.

నేను వచ్చేసరికి ముహూర్తం దగ్గర పడింది. చేతిలో మా దీవి పిండివంటల పెట్టె. తలుపు తీసి ఉంది, లోపల చింగ్‌యీ కొత్త బట్టల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వెనక తామ్ గారు. ఎర్ర జాకెట్టు, చేతికి గాజులు, దీవెనల మాటలు కాగితం మీద రాసుకుని కిటికీ పక్క అద్దానికి అంటించుకుంది. కాగితం చూసి దువ్వే మనిషిని ఎక్కడి నుంచి పట్టుకొచ్చిందో మీ మేఫాంగ్. ఆవిడ గొంతు సవరించుకుని దువ్వెన పైకెత్తింది. అద్దంలో నేను కనపడ్డాను.

నీ సీరియల్ ఒక్క రోజు కూడా వదలని మనుషుల్లో ఆవిడ మొదటిది. అది నాకు తెలియదు, మేఫాంగ్‌కి తెలియదు. దువ్వెన జారి నేల మీద పడింది. ఆవిడ దాని పక్కనే మోకాళ్ళ మీద పడి రెండు చేతులూ జోడించింది. "పెద్దమ్మగారూ, మీ వీలునామా దాచింది చిన్నకోడలే. నేను నా కళ్ళారా చూశాను. బియ్యం డబ్బాలో ఉంది" అని ఒకటే వణుకు. అంత చదువుకున్న కస్టమ్స్ వాళ్ళింట్లో ఆడమనిషి. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "తెలుసమ్మా, నేనూ చూశాను. లే" అన్నాను. లేవలేదు. మేఫాంగ్ పట్టుకుని లేపి వంటింట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

కింద పడ్డ దువ్వెన పెళ్ళికూతురి తలకి పనికిరాదు. ముహూర్తం జారిపోతోంది. మేఫాంగ్ గడపలో నిలబడి చేతులు నలుపుకుంటోంది. చింగ్‌యీ వెనక్కి తిరగకుండానే, "జుట్టు విప్పుకుని ఎంతసేపని కూర్చోను అత్తా? రా" అంది.

"నేను పోయాను కదే" అన్నాను. మేఫాంగ్‌కి తగలాలనే అన్నాను.

మేఫాంగ్ తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం నాకంటే ఏమీ తగ్గలేదు. "పోయినవాళ్ళు ఇన్ని ఎత్తిపొడుపులు పొడవరు వదినా. మీకు బుద్ధిగా ఉండడం చావులో కూడా రాలేదు. తప్పు నాదే. దువ్వెన ఎక్కడ తేవాలో చెప్పండి, పరిగెత్తి తెస్తాను" అంది. మీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మంచి మాట అది.

నా సంచిలో దువ్వెన ఉంది. విందు తిని పోయేదానివి ఎందుకు తెచ్చావని అడగకు, నేను చెప్పను.

తలుపు వేయించాను. ముందు గదిలో టీవీ మోగుతుంటే మేఫాంగే వెళ్ళి ఆపేసింది. అయినా మీ భవనంలో గోడలు అట్టముక్కలు కదా, పక్కింట్లోంచి అంతా వినపడుతోంది. అక్కడ నా పెద్దకొడుకు నా ముందు మోకరిల్లి ఏడుస్తున్నాడు, ఇక్కడ నేను నా మేనకోడలి జుట్టులో దువ్వెన పెట్టి నిలబడ్డాను. ఒక్క క్షణం చెయ్యి ఆగిపోయింది. నిజంగానే దోషం ఉంటే? ఆ డబ్బు బాతు తిన్నా వదలకపోతే? నా జన్మలో అంత భయపడలేదు.

చింగ్‌యీకి తెలిసిందనుకుంటాను. చెయ్యి వెనక్కి చాపి నా మణికట్టు పట్టుకుంది. "నీ చెయ్యి వేడిగా ఉంది అత్తా" అంది. అంతే. ఇంక నేను ఆగలేదు. మొదటిసారి, రెండోసారి, మూడోసారి, నాలుగోసారి. దీవెనలన్నీ కాగితం లేకుండా గట్టిగా చెప్పాను. పక్కింటి ఏడుపు మునిగిపోవాలని ఇంకా గట్టిగా చెప్పాను.

అయ్యాక మేఫాంగ్ రెండు చేతులతో ఎర్ర కవరు ఇచ్చింది. వద్దనలేదు. మంచి పనికి ఇచ్చే కవరు వద్దనకూడదు.

నీ ఛానల్ సంగతి. చివరి భాగంలో నన్ను పీఠం మీద నుంచి దింపి వాళ్ళ బాతుల హోటల్ గోడకి ఎక్కిస్తారట, టీ హోటల్లో చెప్పుకుంటున్నారు. ఎక్కించుకోండి. అగరొత్తులు సరిగ్గా పట్టుకోవడం మాత్రం ఆ హీరోకి నేర్పించు, చూడలేక చస్తున్నాను. ఎండురొయ్యలు పంపుతున్నాను. తడి తగలనివ్వకు.

విందు నాడు తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర ఆ బాతుల కొట్టు తెరిచే ఉంది. మీ బావ అక్కడే ఆగి, ఒక ముక్క తిందామా అన్నాడు. మేఫాంగ్ ఇచ్చిన కవరు నా జాకెట్టు లోపలి జేబులో ఉంది. ఒక్క కాసు కూడా తీయలేదు. దాన్ని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

లైసంగ్